సమస్య: "బొంకు పలుకువాడె పూజ్యుడయ్యె"

వంశధార (నిర్వహణ): ఈసారి ఏసీపీఐ (కంప్యూటర్ విద్యుత్తు, పరికరాల సంగతులు బయాస్ ఓఎస్‌కు చెప్పే పద్ధతి) దాటి పోవద్దు. హరిశ్చంద్రుణ్ణి తెస్తే చదవను.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:

విండొసేన నీవు? విన్నవించుమటంచు
బయసు గొంతు లేప పలికె నౌను
కెర్నెలంత, ఫాను గిర్రున తిరిగెను
బొంకు పలుకువాడె పూజ్యుడయ్యె

ప్రాణహిత, సిరోంచ: "నౌను" దగ్గర ఆపి కెర్నెల్‌ను కింది పాదంలకు దించిన తీరు మస్తుంది మామా. గానీ సగం బొంకే చెప్పినవ్. ఓఎస్ఐ అనే ప్రశ్నతోని బయాస్ (పెట్టెను లేపే మొదటి ప్రోగ్రామ్, నీ "బయసు") "విండోస్ 2015" అని అడిగితే లైనక్స్ కెర్నెల్ ఔనంటది, సరే. "లైనక్స్" అని సొంత పేరు పెట్టి అడిగితే 2.6.23 నుంచి కాదనే అంటది! అసలు మజా అండ్లనే ఉంది. ఫాను కూడా ఔనన్నంత మాత్రాన తిరగది. కెర్నెల్ కట్టేటప్పటి మెనూకాన్ఫిగ్‌ల ఫ్యాన్, థర్మల్ రెండూ పెట్టాలె. పెట్టినా చాలా ల్యాప్‌టాప్‌లల్ల దాని పగ్గం ఎంబెడెడ్ కంట్రోలర్ (బోర్డు మీది చిన్న చిప్పు) చేతిల ఉంటది.

నాగావళి, రాయగడ: కె-కి గి-తో యతా? సరే, పెద్దలు ఒప్పుకుంటే నాదేం పోయింది. ఇదిగో నాది:

నిజము పలికినంత నిద్రనుండి మరల
లేవదాయె పెట్టె లెమ్మటన్న
కల్లలాడినంత కన్ను తెరచెను
బొంకు పలుకువాడె పూజ్యుడయ్యె

మహేంద్రతనయ: యతి సంగతి తర్వాత, బావగారూ. మూడో పాదం చివర లఘువు ఒకటి ఎగిరిపోయింది. "కన్నులు" అనండి.

నాగావళి: తెర ఒక్కటే కదండీ, కన్నులెక్కడివి?

మహేంద్రతనయ: ఇంకో మానిటర్ తగిలించండి, గణం గట్టెక్కుతుంది. అన్నట్టు, నిజం పలికించాలంటే కెర్నెల్‌కు ఇచ్చే బూట్ లైన్లో ఏసీపీఐ_ఓఎస్ఐ=! ఇవ్వాలి. అది ఔననే విండోస్ పేర్లన్నీ పోతాయి. ఒక్కటే తీయాలంటే "!విండోస్ 2012". కొన్ని ల్యాప్‌టాప్‌ల వెలుతురు మీటలు దాంతోనే దారికొచ్చాయి. అంటే అక్కడ బొంకినవాడే చెడ్డాడు, మీ పద్యం తిరగబడింది! పేరు మధ్య ఖాళీ ఉంది గనక కొటేషన్లు ఊడితే రెండు ముక్కలవుతుంది. గ్రబ్ (బూట్ లోడర్) ఫైల్లో వాటిని బ్యాక్‌స్లాష్‌తో కాపాడి, బూటయ్యాక ప్రాక్‌లోని సీఎండీలైన్ (కెర్నెల్‌కు అందిన బూట్ లైన్) చదవండి.

ప్రాణహిత: లఘువు మింగుడు నాగావళన్నకు కొత్తనా? పోయినసారి డీఎస్‌డీటీ పద్యంల ఓఈఎం రివిజన్ (బయాస్ ఇచ్చే ఆ ఏసీపీఐ టేబుల్ వర్షన్ అంకె) మింగిండు. టేబుల్‌ను ఐఏఎస్ఎల్ (టేబుల్ విప్పి కట్టే పనిముట్టు) తోని విప్పి, తప్పు దిద్ది, ఆ అంకె ఒకటి పెంచకపోతే కెర్నెల్ పాతదాన్నే పట్టుకుంటది. పైగా దిద్దిన టేబుల్ పెట్టే సీపీఐఓ మూటను జిప్ చేసి పెట్టుమన్నడు! విడిగా, జిప్ లేకుండా, బూట్‌ల కెర్నెల్ మొదట ఎక్కించుకునే ఇనిట్‌ఆర్‌డీకి ముందు అతకాలె. లోపల దారి కెర్నెల్/ఫర్మ్‌వేర్/ఏసీపీఐ. కాన్ఫిగ్‌ల టేబుల్ అప్‌గ్రేడ్ లేకుంటే ఇదంతా దండుగ.

నాగావళి: ఆ పద్యాన్ని ఇంకా మోస్తున్నావా తమ్ముడూ? సంతకం లేనిదాన్ని ఎక్కనివ్వని సెక్యూర్ బూట్‌తో లాక్‌డౌన్ (కెర్నెల్ తాళం) పడితే ఇనిట్‌ఆర్‌డీ టేబుల్‌ని కెర్నెల్ తాకనే తాకదు. ఆ మాట నువ్వూ మింగావు.

వంశధార: కె-గి యతి చెల్లుతుంది. నాగావళిగారూ, "కన్నులు" దిద్దితేనే మీ పద్యం లెక్కలోకి.

నాగావళి: దిద్దాను. మానిటర్ ఖర్చు పర్లాకిమిడి వారిదే.