చిన్న తలుపులకు ఆటో హింజ్‌లా, మామూలు బందులా? ఎక్కడ బిగించాలి?

కొత్తిల్లు_కాకినాడ:
అందరికీ నమస్కారం. మా వంటింట్లో చెక్కపని నడుస్తోంది. పెద్ద షట్టర్ల సంగతి తేలిపోయింది, గొడవంతా చిన్న తలుపుల దగ్గరే: ఆటో హింజ్ (తలుపు లోపలివైపు గుంటలో కూర్చుని, స్ప్రింగ్‌తో తలుపుని తనే మూసేది) వేయాలా, మామూలు బందు (పిన్నుతో కలిపిన రెండు రేకులు) వేయాలా అని. సింక్ కింద ఒక జత, సిలిండర్ అరకి ఒకటి, పొయ్యి పక్కన మసాలా డబ్బాలకి అడుగున్నర ఎత్తు తలుపు ఒకటి. "ఇంత చిన్న తలుపుకి ఆటో హింజ్ ఎందుకండీ, బందులు రెండు వేస్తే ఇక చూసుకోనక్కర్లేదు" అంటాడు కార్పెంటర్. అన్నీ ఆటోనే, అది కూడా సాఫ్ట్ క్లోజే (చప్పుడు లేకుండా మెల్లగా మూసుకునేది) వేయించాలని మా తమ్ముడి పట్టు. మసాలా అర తలుపు 12 ఎంఎం ప్లై, మిగతావన్నీ 18. పై అంచుకి ఎంత దూరంలో బిగించాలన్న దాని మీద కూడా ఇద్దరిదీ చెరో మాట. చేసినవాళ్లు, వాడుతున్నవాళ్లు చెప్పండి.

ప్లైవుడ్_పని:
మీ తమ్ముడు చెప్పిందే రైటండీ. బందుకి మేకు కొట్టినా స్క్రూ వేసినా పోయేది ప్లై అంచులోకి, అంటే పొరల మధ్యలోకి. అక్కడ పట్టు ఉండదు, లావు స్క్రూ వేస్తే పొరలు విచ్చుకుంటాయి. ఆటో హింజ్‌కి స్క్రూలు పలక వెడల్పు మీద, పొరలకి అడ్డంగా దిగుతాయి కాబట్టి గట్టిగా పట్టుకుంటాయి. పైగా తలుపు కాస్త వాలినా స్క్రూడ్రైవర్‌తో పక్కకి, ముందుకి, పైకి సర్దుకోవచ్చు. బందు తేడా వస్తే మళ్లీ పీకి బిగించాల్సిందే.

టేకు_చెక్క:
ప్లైవుడ్_పని గారూ, మీరు చెప్పింది ఉత్త ప్లై అంచు గురించి. మా నాన్నగారు వడ్రంగి. ప్లై తలుపు చుట్టూ అరంగుళం టేకు బీడింగ్ (సన్న చెక్క పట్టీ) కొట్టకుండా ఆయన ఎప్పుడూ బందు వేయలేదు. ముందు సన్న బిట్‌తో దారి చేసుకుని స్క్రూ వేస్తే అది టేకులోంచి ప్లైలోకి దిగి కూర్చుంటుంది, పొర విచ్చుకునే ప్రశ్నే రాదు. పాత ఇళ్లలో గోడ అలమరలు చూడండి, టేకు ఫ్రేములో బిగించిన బందులు తాతల కాలం నుంచి అలాగే ఉన్నాయి, మధ్యమధ్య ఒక చుక్క నూనె వేస్తే చాలు. ఆటో హింజ్‌కి ఏకంగా 35 ఎంఎం వెడల్పు గుంట తీయాలి. చిన్న తలుపులో అంత చెక్క తీసేస్తే మిగిలేదెంత?

ప్లైవుడ్_పని:
అన్నా, గుంట లోతు 12 ఎంఎం లోపే. 18 ప్లైలో ఇంకా 6 మిగులుతుంది, అది చాలు. టేకు అలమరలతో పోలిక మాత్రం కుదరదు. నిండు చెక్కకి పొరలే ఉండవు. ఇప్పుడు ఎంతమంది బీడింగ్‌కి టేకు కొనిస్తున్నారు? ఎడ్జ్ బ్యాండ్ టేపు అంటించి వదిలేస్తున్నారు, దాని మీద బందు బిగిస్తే అది మాత్రం నిలవదు.

టేకు_చెక్క:
బీడింగ్ లేకపోతే బందు వద్దనే నేనూ అంటాను. కానీ ఆయన మసాలా అర తలుపు 12 ఎంఎం. దానికి 12 లోతు గుంట తీస్తే అటువైపు మైకా (పైన అంటించే రేకు) బయటపడుతుంది. అక్కడ ఆటో హింజ్ ఎలా వేస్తారో చెప్పండి.

ప్లైవుడ్_పని:
ఆ ఒక్కదానికీ బందే అని ఒప్పుకుంటాను. లేదంటే హింజ్ వచ్చేచోట వెనకాల ఇంకో ప్లై ముక్క ఫెవికాల్‌తో అతికించి మందం పెంచుకోవాలి, అది చూడ్డానికి బాగుండదు.

విశాఖ_వంటిల్లు:
మా ఇల్లు బీచ్‌కి దగ్గర. ఇక్కడ ఏ హింజ్ అన్నదానికంటే ముందు ఏ లోహం అన్నది అడగాలి. నికెల్ పూత ఉన్న మామూలు ఆటో హింజ్‌లు సింక్ కింద తొందరగానే తుప్పు పట్టాయి, అందులో స్ప్రింగ్, పిన్నులు అన్నీ ఇనుమే కదా. ఉప్పుగాలికి తోడు సింక్ కింద ఎప్పుడూ చెమ్మే. తర్వాత 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించాం, ధర ఎక్కువే గానీ బాగున్నాయి. కాకినాడ కూడా సముద్రపు ఊరే, ఆటో అయినా బందు అయినా సింక్ కింద మాత్రం స్టీల్‌వే తీసుకోండి.

ఇంకో మాట, సిలిండర్ అర. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ అడ్డంగా సుమారు 32 సెం.మీ. ఉంటుంది. తలుపు ఫ్రేము లోపల కూర్చునే రకమైతే (దానికి వేసే హింజ్‌ని షాపులో 16 క్రాంక్ అంటారు, క్రాంక్ అంటే హింజ్ చెయ్యి వంపు) ఆటో హింజ్‌తో తెరిచినప్పుడు తలుపు మందం దారిలోకే వచ్చి నిలబడుతుంది, హింజ్ చెయ్యి కూడా కాస్త అడ్డం. ట్రాలీతో సహా సిలిండర్ లాగేటప్పుడు అదే తగులుతుంది. ఫ్రేము మీద పూర్తిగా కప్పుకునే రకమైతే జీరో క్రాంక్ వేస్తారు, దానికి ఈ బాధ ఉండదు. అదే బందు అయితే తలుపు గోడ దాకా వెనక్కి వాలుతుంది, దారి మొత్తం ఖాళీ. ఇది కార్పెంటర్లు అడగరు, మనమే అడగాలి.

లెక్కల_మాస్టారు:
రకం గురించి అందరూ చెప్పారు, ఎక్కడ బిగించాలన్నది ఎవరూ ముట్టుకోలేదు. నా దృష్టిలో అసలు తలుపులు వాలేది అక్కడే. ఒక లెక్క చూడండి. 60 సెం.మీ. వెడల్పు, 45 ఎత్తు ఉన్న 18 ఎంఎం తలుపు, మైకా హ్యాండిల్ కలిపి దాదాపు 4 కిలోలు. బరువు మధ్యలో ఉంటుంది, అంటే హింజ్‌కి 30 సెం.మీ. దూరంలో. రెండు హింజ్‌లూ అంచుల నుంచి 8 సెం.మీ. లోపలికి ఉంటే వాటి మధ్య దూరం 29, పై హింజ్‌ని బయటికి లాగే బలం సుమారు 4 కిలోలు. అందంగా ఉంటుందని 15 సెం.మీ. లోపలికి జరిపితే మధ్య దూరం 15కి తగ్గిపోతుంది, లాగే బలం 8 కిలోలు అవుతుంది. అదే తలుపు, అదే హింజ్, స్క్రూ మీద భారం మాత్రం రెట్టింపు. అందుకే ఎత్తు కంటే వెడల్పు ఎక్కువున్న లాఫ్ట్ తలుపులు ముందుగా వాలతాయి. చిన్న తలుపు కదా అని మధ్యకి జరపకండి, వీలైనంత దూరదూరంగా ఉంచండి. మూడో హింజ్ అక్కర్లేదు, మూడడుగుల ఎత్తు దాకా రెండు సరిపోతాయి.

టేకు_చెక్క:
మాస్టారూ, లెక్క బాగుంది గానీ మరీ అంచుకి తెచ్చినా తప్పే. నిండు చెక్క తలుపులో పై పట్టీ కూసం (కొసన నాలుకలా చెక్కిన భాగం) నిలువు పట్టీలోకి దిగేచోట స్క్రూ వేస్తే కూసమే చీలుతుంది. అందుకే మా నాన్నగారు బందు పై కొసని పట్టీ కింది అంచుకి సరిపెట్టేవారు. చిన్న తలుపైతే బందు ఎంత పొడవో అంచు నుంచి అంత వదిలేవారు.

ప్లైవుడ్_పని:
ప్లైలో కూసం గొడవ లేదు కాబట్టి మూడంగుళాలకి అటూ ఇటూగా వేస్తాం. చూసుకోవాల్సింది లోపలి అర పలక. హింజ్ ప్లేటు సరిగ్గా పలక ఎదురుగా వచ్చిందంటే బిగించడం కుదరదు, కాబట్టి ముందు పలకల గీత గీసుకుని తర్వాతే హింజ్ గుర్తు పెట్టాలి. గుంటకీ తలుపు అంచుకీ మధ్య ఒక నూలు, అంటే 3 ఎంఎం, వదలాలి. హింజ్‌ని బట్టి 5, 6 దాకా పోవచ్చు గానీ 3 కంటే తగ్గిస్తే అంచు విరుగుతుంది. ఫ్రేము వైపు ప్లేటు స్క్రూల వరుస ముందు అంచు నుంచి 37 ఎంఎం, ఇది కప్పుకునే తలుపుకి. లోపల కూర్చునే తలుపుకి దాని మందం కూడా కలుపుకోవాలి.

విశాఖ_వంటిల్లు:
సాఫ్ట్ క్లోజ్ సంగతి కూడా చెప్పండి ఎవరైనా. మా చిన్న తలుపులు మూయడానికి ఒక యుగం పడుతుంది.

ప్లైవుడ్_పని:
తేలిక తలుపుకి రెండు డంపర్లు (మూసుకునే వేగాన్ని తగ్గించే భాగాలు) ఎక్కువండీ, ఆపే బలం తలుపు ఊపుని మించిపోతుంది. ఒక హింజ్ సాఫ్ట్ క్లోజ్, రెండోది మామూలు ఆటోది వేయిస్తే సరిపోతుంది. కొన్ని రకాల్లో హింజ్ మీదే చిన్న మీట ఉంటుంది, దాన్ని జరిపి ఒకదాని డంపర్ ఆపేయొచ్చు, మీ వాటికి ఉందేమో చూడండి.

కొత్తిల్లు_కాకినాడ:
అందరికీ థ్యాంక్సండీ. కార్పెంటర్‌తో కూర్చుని మాట్లాడాను. సింక్ కింద 304 స్టీల్ ఆటో హింజ్‌లు, ఒక్కో తలుపుకి ఒకటే సాఫ్ట్ క్లోజ్. మసాలా అరకి టేకు బీడింగ్ కొట్టి బందులే. సిలిండర్ అర తలుపు లోపల కూర్చునే రకమే పెట్టాం కాబట్టి దానికీ బందులు వేయమన్నాను, తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు. ఫ్రేము వెడల్పు మార్చి జీరో క్రాంక్ వేయిద్దాం అంటున్నాడు.

టేకు_చెక్క:
ఫ్రేము ఇంకా బిగించకపోతే తమ్ముడి మాట వినండి, తప్పులేదు. బిగించేసి ఉంటే మాత్రం కదపకండి, బందులే వేయించండి, మసాలా అర 12 ఎంఎం తలుపుకి మాత్రం లావు స్క్రూ కాకుండా సన్నటివి వాడమనండి.