విశాఖ వీధుల్లో ఊహా రేస్ ట్రాక్: పాండురంగాపురం డౌన్ మెట్లలా వస్తోంది, ఎలా సరిచేయాలి?

అసెట్టో కోర్సా అనే కార్ రేసింగ్ గేమ్ కోసం విశాఖ వీధులతో ఒక సర్క్యూట్ తయారుచేస్తున్నాను. ఆర్కే బీచ్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా పార్క్ హోటల్ జంక్షన్, ఎడమకు తిరిగి చిన్నవాల్తేరు, సిరిపురం, పాండురంగాపురం డౌన్ అనే వాలు రోడ్డులో దిగి మళ్లీ బీచ్. ఆ దిగుడే ఈ ట్రాక్‌కి ప్రాణం. సముద్రం వైపు దూసుకెళ్తూ గట్టిగా బ్రేక్ వేయాల్సిన చోటు అది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్ నుంచి రోడ్లు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లోకి సరిగ్గానే వచ్చాయి. ఎత్తులకు ఎస్‌ఆర్‌టీఎం డేటా (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తులు, సుమారు 30 మీటర్లకు ఒక పాయింట్) వాడాను. అందులో చెట్లు, భవనాల ఎత్తు కూడా కలిసిపోవడంతో రోడ్డు మెట్లుమెట్లుగా వచ్చి కారు ఎగిరిపడుతోంది. స్మూత్ చేస్తే అసలు వాలే పోతోంది. అలాంటిదే అయిన యూరప్ వాళ్ల కోపర్నికస్ 30 మీటర్ల ఎత్తుల డేటాతోనూ ఇదే గొడవ.

భవనాల ఎత్తు కలవకుండా ఇలాంటి వాలు రోడ్డుకు అసలు ఎత్తులు రాబట్టాలంటే ఏ పద్ధతి పనిచేస్తుంది?