బాస్టోన్ ముట్టడి: ‘నట్స్’ అంటే మావాడికి తెలుగులో ఏం చెప్పాలి?

రాత్రికథల నాన్న:

మావాడికి పదేళ్లు. పడుకునేముందు కథ పడాల్సిందే. రాజులూ రాక్షసులూ అయిపోయి ఇప్పుడు యుద్ధాల మీద పడ్డాడు. నిన్న రాత్రి బాస్టోన్ ఎత్తుకున్నాను. రెండో ప్రపంచయుద్ధం, 1944 డిసెంబరు, బెల్జియంలో చిన్న ఊరు, చుట్టూ జర్మన్లు, మధ్యలో అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్, అంటే పారాచూట్లతో దిగే సైన్యం. 22వ తేదీన నలుగురు జర్మన్లు తెల్లజెండా పట్టుకుని ఒక కాగితం తెచ్చారు. రెండు గంటల్లో లొంగకపోతే ఫిరంగులతో తుడిచిపెట్టేస్తామని అందులో ఉంది. లోపలున్న జనరల్ మెకాలిఫ్ ‘నట్స్’ అని ఒక్క మాట టైపు చేయించి పంపాడు.

ఇక్కడిదాకా దుప్పటి గడ్డం దాకా లాక్కుని విన్నాడు. “నట్స్ అంటే?” అన్నాడు. నిద్రమత్తులో “జీడిపప్పు, బాదంపప్పు లాంటివిరా” అనేశాను. “లొంగిపొమ్మంటే జీడిపప్పు అన్నాడా!” అని ఒకటే నవ్వు. కథ అక్కడితో సరి.

రెండు సంగతులు చెప్పండి. ఆ మాటకి తెలుగులో ఏది సరిపోతుంది? రెండోది వాడి ప్రశ్న. చలికాలమని తెలిసీ కోట్లు లేకుండా ఎందుకెళ్లారు? 26న అమెరికా జనరల్ ప్యాటన్ ట్యాంకులు వచ్చి కాపాడాయని చెబితే వాడు ఒప్పుకోవట్లేదు. “ఆయన వచ్చేదాకా ఎవరు కాపాడారు?” అంటాడు. నా దగ్గర జవాబు లేదు.

మాటలమూట:

నా ఓటు “నీ మొహం!”కి.

“పోరా” అంటే వీధి తగాదా అయిపోతుంది. “చావనైనా చస్తాం గానీ” లాంటివి పెడితే పౌరాణిక నాటకం. ఆ మాట పుట్టిన తీరు చూడండి. జర్మన్లు లొంగిపొమ్మంటున్నారని చెబితే మెకాలిఫ్ విసుగ్గా అన్న మాట అది, అంతే. తర్వాత రాతలో ఏం జవాబివ్వాలో తోచక కూర్చుంటే, ఇందాక మీరన్నదే బావుందని పక్కనున్న కినార్డ్ అనే ఆఫీసరు అన్నాడు. ఆ ఒక్క ముక్కే కాగితం మీదికెక్కింది. పైన ‘జర్మన్ కమాండర్‌కి’, కింద ‘అమెరికన్ కమాండర్’. సంతకం కూడా లేదు.

మీవాడు ఒక్కడే కాదు, జర్మన్లకి కూడా అర్థం కాలేదు. ఇది ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా అని అడిగారట. కాగితం పట్టుకెళ్లిన కల్నల్ హార్పర్, తేట మాటల్లో చెప్పాలంటే నరకానికి పొండని అర్థమని విడమరిచాడు. ఈ ముక్క కూడా చెప్పండి, బాగా నవ్వుతాడు.

పాత గన్నర్:

బాబూ, నేను పదిహేడేళ్లు ఆర్టిలరీలో, అంటే ఫిరంగుల దళంలో చేసి దిగినవాణ్ణి. అందులో రెండు చలికాలాలు మంచులో. మీవాడి రెండో ప్రశ్న విని నాకు ముచ్చటేసింది. సినిమాలు చూసి పెరిగిన పెద్దవాళ్లు కూడా అడగని ప్రశ్న అది.

కోట్ల సంగతి. వాళ్లు బాస్టోన్‌కి బయల్దేరదామని తయారై ఉన్నవాళ్లు కాదు. హాలండ్‌లో రెండు నెలలకు పైగా పోరాడి, ఫ్రాన్స్‌లో మూర్మెలాన్ అనే క్యాంపులో ఊపిరి పీల్చుకుంటున్నారు. పాడైన సామాను మార్చుకునే రోజులు. అసలు డివిజన్ కమాండర్ జనరల్ టేలర్ వాషింగ్టన్‌లో ఉన్నాడు. 16న జర్మన్లు ఆర్డెన్ అడవుల్లోంచి ఊడిపడ్డారు. 17 రాత్రి ఆర్డరు, 18న ప్రయాణం. సుమారు 170 కిలోమీటర్లు, పైకప్పు లేని లారీల్లో నిలబడి. కోట్లే కాదు, కొందరి దగ్గర తుపాకీలో వేసుకోడానికి తూటాలు కూడా సరిగా లేవు. దారిలో వెనక్కి వస్తున్న సొంత సైనికుల దగ్గర అడిగి తీసుకున్నారు.

ఎందుకంత తొందర అంటారా, ఆ ఊళ్లో ఏడు రోడ్లు కలుస్తాయి. చుట్టూ అడవి, వాలు, బురద, తర్వాత మంచు. ట్యాంకులూ పెట్రోలు లారీలూ పోవాలంటే రోడ్డు కావాలి. ఊరు చిక్కకపోతే వెనకొచ్చేవన్నీ చుట్టు తిరిగి పోవాలి.

ఇక ఎవరు కాపాడారంటే, నా వృత్తి కాబట్టి నేను ఫిరంగులే అంటాను. ఇంకొకరు ఇంకొకటి అంటారు, అననీండి. చుట్టుముట్టారంటే మనకి జాలి కలుగుతుంది గానీ, గన్నర్ కంటితో చూడండి. వలయం చుట్టుకొలత పాతిక కిలోమీటర్లు. గన్నులు మధ్యలో. ఎటువైపు దాడి వచ్చినా దాదాపు అన్ని బ్యాటరీలూ, అంటే గన్నుల జట్లూ, అక్కడికే కొట్టగలవు. జర్మన్లు అన్ని వైపుల నుంచీ ఒక్కసారే విరుచుకుపడి ఉంటే కష్టమయ్యేది. ఒకనాడు ఇటు, ఒకనాడు అటు వచ్చారు. లోపలివాళ్లు గన్ను తిప్పుకుంటే చాలు.

తిప్పుకుంటే చాలు అని రాసేశాను గానీ, అదేమీ ఫ్యాను రెక్క కాదు. గన్ను వెనకకాళ్లు రెండూ ఎత్తి, అందరూ కలిసి భుజం పెట్టి తోసి, మళ్లీ దించాలి. ఆ కాళ్ల చివర పారలాంటి రేకు ఉంటుంది, అది నేలలో దిగితేనే గన్ను నిలబడుతుంది. నేల గడ్డకట్టిందంటే దిగదు. పేల్చగానే గన్ను వెనక్కి జారుతుంది, మళ్లీ తోసుకొచ్చి మళ్లీ గురి పెట్టుకోవాలి. గ్లవ్స్ లేని చేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుంటుంది, పీక్కోవాల్సిందే. నాకు ఎడమచేతి రెండు వేళ్ల చివర ఇప్పటికీ స్పర్శ సరిగా లేదు.

దాని మీద గుండ్ల కరువు. 22 నాటికి గన్నుకి రోజుకి పది రౌండ్లు అనే లెక్కకి వచ్చారు. పది! మామూలుగా అయితే కొద్ది నిమిషాల పని. మెకాలిఫ్ కూడా మా జాతే, ఆ డివిజన్‌లో ఫిరంగుల అధిపతి ఆయనే. నాలుగొందల మంది జర్మన్లు వంద గజాల్లో తలలెత్తి కనబడితే కొట్టండి, అదీ రెండు రౌండ్లకి మించొద్దు అన్నాడట. నవ్వులాటకే అన్నా, ముందు గుంటలో కూర్చుని వైర్‌లెస్‌లో సాయం అడిగినవాడికి ‘ఇప్పుడు లేదు’ అని చెప్పడం ఎంత నరకమో నాకు తెలుసు.

23న మబ్బు విడిచింది. ముందు దారి చూపే పారాట్రూపర్లు దూకారు, తర్వాత 241 విమానాలు 144 టన్నుల సామాను వదిలాయి. అందులో ఎక్కువ భాగం మనవాళ్ల చేతికే చిక్కింది. మీవాడికి ‘ఆకాశం కాపాడింది’ అని చెప్పినా తప్పు లేదు.

వాణి:

గన్నర్ గారూ, ఒక్క మాట. మీరు కాపాడినవాళ్ల గురించి చెప్పారు, దెబ్బ తిన్నవాళ్లని ఎవరు చూసుకున్నారో కూడా పిల్లాడికి తెలియాలి.

19 రాత్రే డివిజన్ ఆసుపత్రి జర్మన్లకి చిక్కింది. డాక్టర్లు, మందులు, చాలావరకు అంతా పోయింది. ఊళ్లో ఒక దుకాణంలో గాయపడ్డవాళ్లని పడుకోబెట్టి జాక్ ప్రయర్ అనే డాక్టర్ చూసుకున్నాడు. సాయానికి ఇద్దరు నర్సులు, రెనే లెమేర్, అగస్టా చివీ. చివీ తండ్రి బెల్జియన్, తల్లి ఆఫ్రికన్. క్రిస్మస్‌కి నాన్నని చూద్దామని వచ్చి ముట్టడిలో ఇరుక్కుంది.

24 రాత్రి ఆ దుకాణం మీద బాంబు పడింది. రెనేతో పాటు గాయపడి పడుకున్నవాళ్లు దాదాపు ముప్పై మంది పోయారు. పక్కింట్లో ఉన్న చివీని ఆ పేలుడు గోడలోంచి అవతలికి విసిరేస్తే లేచి దులుపుకుని మళ్లీ పనిలో పడింది. రెనే ఒంటిని ప్రయర్ తెల్లటి పారాచూట్ గుడ్డలో చుట్టి ఆమె తల్లిదండ్రుల దగ్గరికి తీసుకెళ్లాడు. విమానాలు వదిలిన వాటిలో ఒక గుడ్డ అది.

చివీని లోకం పట్టించుకున్నది 2011లో. అప్పటికి ఆమెకి తొంభై.

రాత్రికథల నాన్న:

అందరికీ థాంక్స్. “నీ మొహం” బ్రహ్మాండంగా కుదిరింది. నర్సుల భాగం మాత్రం నిన్న చెప్పలేకపోయాను వాణి గారూ, నాకే గొంతు పట్టేసింది. ఇంకో రోజు.

గన్నర్ గారూ, వాడికి ఇంకో డౌటు. మంచంతా తెలుపు, యూనిఫాం ఆకుపచ్చ. దూరం నుంచి కనబడిపోరా?

పాత గన్నర్:

కనబడతారు. మీవాణ్ణి నాకు అప్పగించండి, మంచి ఓపీ ఆఫీసర్ని చేస్తాను, అంటే ముందు కూర్చుని శత్రువుని కనిపెట్టి గన్నులకి గురి చెప్పేవాణ్ణి.

ఎమ్రూల్ అని బాస్టోన్ పక్కన పల్లె. అక్కడున్న బెటాలియన్‌కి మేజర్ హాన్లన్ అనే ఆయన పెద్ద. ఈ బెంగతోనే ఊళ్లోవాళ్లని తెల్ల దుప్పట్లు అడిగాడు. చర్చి గంట కొట్టారు. జనం ఇళ్లలోంచి పట్టుకొచ్చారు, సుమారు రెండొందలు. కొన్ని కప్పుకున్నారు, కొన్ని చింపి హెల్మెట్లకి చుట్టారు. తిరిగిచ్చేస్తామన్న మాట మీద తీసుకున్నవి. యుద్ధంలో అలాంటి మాటలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఆయన గుర్తుపెట్టుకున్నాడు. ఇంటికెళ్లాక ఈ సంగతి తెలిసి అమెరికాలో ఆయన సొంతూరు వించెస్టర్ జనం దుప్పట్లు పోగుచేశారు. 1948లో అవి పట్టుకుని మళ్లీ ఎమ్రూల్‌కి వెళ్లాడు. మళ్లీ చర్చి గంట కొట్టారు.

రాత్రికథల నాన్న:

చెప్పాను. “అవే దుప్పట్లా, కొత్తవా?” అన్నాడు.

పాత గన్నర్:

కొత్తవే. పాతవి ఆ చెట్ల మధ్య ఒక్క వారం ఆగి ఉన్నా గొప్పే అని చెప్పండి.