అప్‌డేట్: పదివేల సార్లు ఆడించి చూశాను

అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ సీజన్‌ను కంప్యూటర్ సిమ్యులేషన్ ముందే చెప్పగలదా అని అడిగాను కదా. మీలో ఒకరు సలహా ఇచ్చినట్టే పైథాన్‌లో ప్రోగ్రామ్ సొంతంగా రాసుకుని, సీజన్‌ను పదివేల సార్లు ఆడించి, 2024 సీజన్‌తో పోల్చి చూశాను.

ముందు ఒక చిన్న లెక్కే నా కళ్లు తెరిపించింది. ప్రతి మ్యాచ్‌లో 80 శాతం గెలుపు అవకాశం ఉన్న జట్టు కూడా 12కి 12 గెలిచేది నూటికి ఏడు సార్లే!

అసలు దెబ్బ ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ జట్టు దగ్గర తగిలింది. సీజన్‌కు ముందు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఇచ్చే ర్యాంకుల్లో పదో స్థానం. డబ్లిన్‌లో మొదటి మ్యాచే జార్జియా టెక్ చేతిలో 24-21తో పోయింది, చివరికి 2-10, అంటే రెండు గెలుపులు, పది ఓటములు. నా ప్రోగ్రామ్‌లో అలాంటి సీజన్ ఒక్కటీ రాలేదు. కారణం తర్వాత తెలిసింది: పదివేల సార్లూ జట్టు రేటింగ్‌ను (జట్టు ఎంత బలమైనదో నేను వేసిన అంచనా) మార్చకుండా ఉంచాను. ఆ అంచనాయే తప్పయితే పన్నెండు మ్యాచ్‌లూ ఒకే వైపు తప్పుతాయి. ఇప్పుడు ప్రతి సీజన్ మొదట్లో రేటింగ్‌ను కాస్త అటూ ఇటూ కదిలిస్తున్నాను. ఐదు గెలుపుల సీజన్లు కూడా కనిపిస్తున్నాయి. 2-10 మాత్రం ఇంకా చాలా అరుదే.

కాబట్టి గెలుపుల సంఖ్యకు ఒక రేంజ్ ఇస్తే నమ్ముతాను. కచ్చితంగా ఇన్నే అంటే నమ్మను. సలహా ఇచ్చినవారికి చాలా థ్యాంక్స్. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్లు వేరే కాలేజీకి మారేందుకు పేరు నమోదు చేసుకునే వ్యవస్థ) ద్వారా మారిన ఆటగాళ్లను లెక్కలోకి తేవడం ఇంకా మిగిలింది.