లాబ్రడార్‌కి వారం వారం స్నానం చేయిస్తున్నా కంపు పోవట్లేదు, ఏం చెయ్యాలి?

రాయగడ_చిన్నమ్మి:
నమస్తే అందరికీ, మాది రాయగడ, ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్ ఉన్నాడు, పేరు టైగర్, పేరుకే టైగరు గానీ నూతి దగ్గర బకెట్ చప్పుడైతే చాలు మంచం కిందకి దూరిపోతాడు. వానలు మొదలైన దగ్గర్నుంచి వీడి కంపు భరించలేకపోతున్నాం. ప్రతి ఆదివారం సాయంత్రం మేం వాడే సబ్బుతోనే రుద్ది రుద్ది స్నానం చేయిస్తున్నా, సోమవారం బానే ఉంటాడు, మంగళవారానికల్లా తడిసిన గోనెసంచి వాసన. మా అత్తగారైతే వారానికి రెండుసార్లు పొయ్యమంటున్నారు. ఇప్పుడు తోక మొదట్లో రూపాయి బిళ్ళంత మేర బొచ్చూడి ఎర్రగా చెమ్మగా ఉంది, ఎప్పుడూ అక్కడే నాక్కుంటాడు. గ్రూమింగ్ షాపు మాకు తెలిసి దగ్గర్లో లేదు, ట్రిమ్మర్ తెచ్చి ఒళ్ళంతా గీకేద్దామని మా ఆయన ప్లాను. చెప్పండి ప్లీజ్.

పర్లాకిమిడి_బాబాయి:
అమ్మా, ముందు ఆ సబ్బు ఆపు. మన ఒంటి సబ్బు పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) 9, 10 దాకా ఉంటాది, కుక్క తోలు 7కి అటూ ఇటూ. లాబ్ బొచ్చుకి సహజంగా నూనె ఉంటాది, నీళ్లు లోపలికి దిగకుండా కాసేది అదే, వారం వారం సబ్బేసి రుద్దితే అదంతా పోయి తోలు ఎండి దురదెక్కుతాది. కుక్కల షాంపూ తెచ్చుకో, మూడు నాలుగు వారాలకోసారి చాలు.

కానీ నీ అసలు ఇబ్బంది సాయంత్రం పొయ్యడమే అనిపిస్తోంది. లాబ్‌కి పైన గరుకు బొచ్చు, దానికింద దూదిలాంటి బొచ్చు, రెండు పొరలు. పైన చెయ్యి పెడితే ఆరినట్టే ఉంటాది, వేళ్ళతో పాయ తీసి తోలు ముట్టుకుని చూడు, చల్లగా తడి తగులుతాది. నేనూ ఇలాగే బోల్తా పడ్డాను, మొన్నేడాది ముసురులో సాయంత్రం స్నానం పోసి బెల్టు కూడా తియ్యకుండా వరండాలో కట్టేశాను, మూడో రోజుకి బెల్టు కింద మెడ చుట్టూ చితచితలాడి చీము, పాపం రాత్రంతా ఏడిచింది. అప్పట్నుంచి పదింటికి ఎండుంటేనే పోస్తాను, లేకపోతే మానేస్తాను. బెల్టు తీసేస్తాను, పొడి బొచ్చు మీదే ముందు దువ్వెన (ఉండలు తడిస్తే ఇంకా బిగుసుకుంటాయి), చెవుల్లో దూది, గోరువెచ్చని నీళ్లు, షాంపూ మగ్గులో కలిపి మెడ నుంచి వెనక్కి. మొహానికి తడిగుడ్డ చాలు. వేళ్ళకి జిగురు తగలనంత వరకూ కడగాలి, తర్వాత మూడు పాత తువ్వాళ్ళు, ఫ్యాను. మొత్తం గంటన్నర, అందులో గంట తుడవడానికే.

ఆ ఎర్ర మచ్చ మీద ఇంట్లోవి ఏవీ రాయకు, బ్లాక్ వెటర్నరీ డిస్పెన్సరీకి తీసుకెళ్ళు. ట్రిమ్మర్ మాత్రం మీ ఆయన గడ్డానికే ఉంచమను, రెండు పొరల బొచ్చు గీకితే మళ్ళీ సరిగ్గా రాకపోవచ్చు, ఎండకి తోలు మాడుతుంది.

కోరాపుట్_బుల్లోడు:
పిడుదులున్నాయేమో కూడా చూడండి అక్కా, కంపుకి కాదు గానీ నాక్కోడానికి అదీ కారణమే. మా తాతగారు కిరసనాయిలు గుడ్డతో తుడిచేవారు, ఒక్క దెబ్బకి రాలిపోయేవి.

బరంపురం_పిల్లులమ్మ:
కిరసనాయిలు పొరపాటున కూడా వద్దు తమ్ముడూ! తోలు కాలుతుంది, కుక్క నాకితే కడుపులోకి పోతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ఫినాయిల్ నీళ్లూ అంతే. పిడుదుల్ని ప్లక్కర్‌తో తోలుకి ఆనించి పట్టి నిటారుగా లాగెయ్యాలి, గోటితో చిదమొద్దు. అయినా ఒంటి మీద ఏరితే అయిపోదు, కడుపు నిండినవి దిగిపోయి గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడతాయి, పడుకునే మూల, గుమ్మం సందులు అన్నీ చూసుకోవాలి. మెడ మీద వేసే చుక్కల మందు వాడితే దానికి ముందు రెండ్రోజులు, తర్వాత రెండ్రోజులు స్నానం ఆపండి. ఇంట్లో పిల్లి ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పండి, కుక్కలకిచ్చే పెర్మెత్రిన్ మందు పిల్లిని చంపేస్తుంది. కుక్క తిండి మానేసి జ్వరంగా ఉంటే స్నానం సంగతి వదిలేసి రక్తపరీక్ష చేయించండి, పిడుదుల జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి.

చిన్నమ్మీ, చెవి ఒకసారి వాసన చూడమ్మా. వేలాడే చెవుల కుక్కకి వానాకాలంలో సగం కంపు అక్కడే ఉంటుంది.

కోరాపుట్_బుల్లోడు:
సరే అక్కా, తాతగారి మాట వెనక్కి తీసుకుంటున్నా 🙏

రాయగడ_చిన్నమ్మి:
పది రోజుల తర్వాత రాస్తున్నా, సారీ. పిల్లులమ్మ గారు చెప్పినట్టు చెవి మడిచి చూస్తే ఎడమ దాంట్లో కాఫీ మడ్డిలా గోధుమరంగు గుబిలి, ఆ పులిసిన వాసనే ఇల్లంతా! డాక్టర్ గారు చెవికి చుక్కలు, కడిగే మందు ఇచ్చారు, తోక దగ్గర మచ్చ చుట్టూ మాత్రం బొచ్చు కత్తిరించి స్ప్రే కొట్టారు, మానే దాకా స్నానం వద్దన్నారు. రోజూ దువ్వెన మాత్రం వేస్తున్నా, ఊడిన బొచ్చుతో ఇంకో కుక్కని చెయ్యొచ్చు. మచ్చ ఆరింది, నిన్న ఎండొస్తే బాబాయి గారి పద్ధతిలో పోశాం. పాయ తీసి చూస్తే నిజంగానే లోపల తడి, ఇన్నాళ్ళూ వీణ్ణి తడిగానే పడుకోబెట్టామన్నమాట. తువ్వాళ్ళు చాలక మా అత్తగారి పాత నేతచీర ఒకటి లాగేశాను, ఆవిడింకా వెతుక్కుంటున్నారు.