జబ్బు సోకిన జింకల మందను మొత్తంగా వధించడం సమంజసమేనా?

అడవిబాట (మధురవాడ):
ఆదివారం కంబాలకొండలో నడుస్తుండగా దుప్పుల గుంపు ఎదురైనప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. నార్వేలోని నూర్‌ఫియెల్లా కొండల్లో 2016లో అడవి రెయిన్‌డీర్లకు (చలిప్రాంతపు జింకలకు) క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే ప్రియాన్ వ్యాధి (జింకలను చిక్కి శల్యం చేసి చంపేది) సోకినట్లు బయటపడగా, 2018 నాటికి ఆ మందలో రెండు వేలకు పైగా జంతువులను వధించారు. వ్యాధి నిర్ధారణ అయినవి 19 మాత్రమే. తక్కినవి చేసిన నేరమేమిటి?

విశ్రాంత పశువైద్యుడు (సీతమ్మధార):
మీ ఆవేదన సబబే కాని, ఆ 19ని పట్టుకుని తీర్పు చెప్పలేము. ఈ జబ్బు సోకిన జింక ఏడాదిన్నర, రెండేళ్ల దాకా పైకి నిక్షేపంగా కనబడుతూనే, చొంగలోనూ మూత్రంలోనూ పెంటికల్లోనూ ప్రియాన్లను నేలపై వదులుతూ ఉంటుంది. ప్రియాన్ సూక్ష్మజీవి కాదు. తప్పుగా మడతపడి, పక్కనున్న మంచి ప్రొటీనును కూడా తనలాగే మడతపెట్టే ప్రొటీను. మామూలుగా ఉడికిస్తే అది చావదు (అసలు ప్రాణముంటే కదా చావడానికి!), మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. కాబట్టి ఆలస్యమైతే జింకలను తొలగించినా నేలలో జబ్బు మిగిలే ఉంటుంది. అమెరికాలో పొరుగునే ఉన్న విస్కాన్సిన్, ఇల్లినాయ్ రాష్ట్రాలు రెండూ 2002లోనే వ్యాధిని గుర్తించాయి. విస్కాన్సిన్ మొదట పెద్దయెత్తున వధకు పూనుకొని, వేటగాళ్లూ భూయజమానులూ వ్యతిరేకించడంతో కొన్నేళ్లకే వెనక్కి తగ్గింది. ఇల్లినాయ్ మాత్రం వ్యాధి ఉన్న చోట్లనే ఏటా కొన్నింటిని తొలగిస్తూ వచ్చింది. వ్యాధి వ్యాప్తి మొదటిచోట బాగా పెరిగింది, రెండోచోట చాలాకాలం తక్కువగానే నిలిచింది.

అడవిబాట:
అయితే 2020లో నార్వేలోనే హర్దాంగర్‌విడ్డా మందలో అదే వ్యాధి కనబడింది కదా! అంతమందిని చంపి సాధించినదేమిటి? గొర్రెల కోసం పెట్టిన ఉప్పుగడ్డల దగ్గర రెయిన్‌డీర్లు గుమిగూడి నాకడం వల్లనే ముప్పు పెరుగుతుందని అక్కడివారే చెప్పారు. ముందు మనిషి పెట్టే మేతనూ ఉప్పునూ ఆపాలి.

విశ్రాంత పశువైద్యుడు:
హర్దాంగర్‌విడ్డా సంగతి ఒప్పుకుంటాను, దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఉప్పుగడ్డల మాటా నిజమే, కాని అది వధకు బదులు కాదు.

గాజువాక పాఠకురాలు:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. అమెరికాలో ఈ పని చాలావరకు వేటగాళ్ల చేతులమీదుగా జరుగుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల మనకు లైసెన్సు పొందిన వేటగాళ్లే లేరు. ఇక్కడ అసలు చర్చించవలసింది జంతువుల రాకపోకల గురించి: 2001లో దక్షిణ కొరియాలో ఈ వ్యాధి బయటపడింది కెనడా నుంచి తెచ్చిన ఎల్క్ అనే పెద్ద జింకలలోనే. విదేశీ జింకలను జంతు ప్రదర్శనశాలలకు తెచ్చుకునేముందు అవి ఏ మందలో పుట్టాయో అడుగుతున్నామా?