తొమ్మిది వారాల కుక్కపిల్లకి రాజమండ్రి రోడ్లు ఎలా అలవాటు చెయ్యాలండీ?

ఆత్రేయపురం దగ్గర కాలవగట్టు మీద పుట్టిన నాటు పిల్లండి, పేరు చిట్టి. పది రోజుల క్రితం రాజమండ్రి తెచ్చుకున్నాం. మా ఇల్లు దేవీచౌక్ దగ్గర, గుమ్మం దిగితే ఆటోలు, హారన్లు.

మొదటి టీకా అయ్యింది. పార్వో (కుక్కపిల్లలకి వాంతులు, విరేచనాలతో ప్రాణం మీదికి తెచ్చే అంటుజబ్బు) భయం ఉంది, 16 వారాలకి టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దింపొద్దన్నారు డాక్టరుగారు. కానీ కుక్కపిల్లలు లోకానికి అలవాటుపడే వయసు మూడో వారం నుంచి 14 వారాల లోపేనట. టీకాలు పూర్తయ్యేదాకా ఇంట్లోనే ఉంచితే ఆ సమయం కాస్తా దాటిపోదూ? అందుకే తువ్వాలులో చుట్టి చంకనేసుకుని తిప్పుతున్నాను.

పొద్దున్నే పుష్కరఘాట్ దగ్గర బాగానే ఉంటుంది, స్నానాలకొచ్చేవాళ్ళని చూసి తోకాడిస్తుంది. సాయంత్రం వంతెన మీద రైలు వచ్చిందంటే మాత్రం గజగజ వణికి, నా చంకలో మొహం దూర్చేస్తుంది. ఉడికించిన కోడిముక్క పెట్టినా ముట్టదు. తిండి కూడా వద్దంటోందంటే మరీ దగ్గరికి తీసుకెళ్తున్నానేమో అనిపిస్తోంది. ఎంత దూరం నుంచి మొదలుపెట్టాలి? వణికినప్పుడు వెంటనే వెనక్కి తెచ్చెయ్యాలా, కాసేపు ఆగాలా?

మా అత్తయ్యగారు "వదిలెయ్యమ్మా, అదే అలవాటు పడుద్ది" అంటారు. నాకు మనసొప్పడం లేదు.

ఇంకోటండి, వీధి పిల్లలు ఒకేసారి పదిమంది ఎత్తుకుంటామని మీద పడతారు. కసరకుండా వాళ్ళకెలా నేర్పాలి? మీ ఇళ్ళల్లో ఇలా పెంచినవాళ్ళుంటే చెప్పండి, ప్లీజ్.